సముద్రం కింద గాభరా ఎందుకు పుడుతుంది, ఎలా తగ్గుతుంది

తిరుపతిలో ఎవరైనా అండమాన్ వెళ్లొచ్చామంటే ఇప్పుడు వెంటనే అడిగే ప్రశ్న "స్కూబా చేశారా?" అని, అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీటి కింద ఊపిరి తీస్తూ ఈదారా అని. చెన్నై దాకా రోడ్డు మీద మూడు నాలుగు గంటలు, అక్కణ్ణుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు. పుదుచ్చేరి, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి, విశాఖ రుషికొండ కూడా మనవాళ్లు వెళ్తున్న చోట్లే. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడి సూళ్లూరుపేట వైపు ప్రాంతం కలిశాక మనకూ సముద్రం ఉందని చెప్పుకుంటున్నాం గానీ, అటు ఉన్న పులికాట్ లోతు తక్కువ సరస్సు, డైవింగ్‌కు పనికొచ్చేది కాదు. కాబట్టి తిరుపతి, చిత్తూరు వైపు చాలామంది సముద్రంలో తల ముంచడమే మొదటిసారి, ఆ మొదటిసారే వీపున సిలిండర్‌తో పది మీటర్ల లోతుకు దిగుతున్నారు.

తిరిగొచ్చాక చేపలు, పగడాల గురించి ఉత్సాహంగా చెప్పేవాళ్లు ఎక్కువమంది. కొందరు మాత్రం గొంతు తగ్గించి, "లోపల ఊపిరాడలేదు, చచ్చిపోతాననుకున్నా" అంటారు. వాళ్లకు చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహా ఒక్కటే: కాస్త ధైర్యం చెయ్యాల్సింది. ఈ సలహా వాళ్లకు అన్యాయం చేస్తుంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియమ్ మోర్గన్ 1990లలో డైవర్లను అడిగి చూస్తే, సగానికి పైగా మంది ఎప్పుడో ఒకప్పుడు నీళ్లలో పానిక్ అయ్యామనో, దాని అంచుదాకా వెళ్లామనో చెప్పారు. వాళ్లంతా పిరికివాళ్లు కాదు, డైవింగ్‌ను ఇష్టపడి చేస్తున్నవాళ్లే. నీటి కింద గాభరా చాలావరకు ఊపిరి లెక్క తప్పడం వల్ల వస్తుంది. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో అర్థమైతే దాన్ని ఎక్కడ పట్టుకుని ఆపాలో కూడా తెలుస్తుంది.

గాలి ఉన్నా ఊపిరాడకపోవడం

ఊపిరాడట్లేదు అనిపించగానే ఒంట్లో ఆక్సిజన్ తగ్గిపోయిందని అనుకుంటాం. మామూలుగా జరిగేది అది కాదు. ఊపిరి తీసుకోమని మెదడును తొందరపెట్టేది ముఖ్యంగా రక్తంలో పేరుకునే కార్బన్ డయాక్సైడ్. బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్, తన సహచరుడు ప్రీస్ట్‌లీతో కలిసి 1905లో ఈ సంగతి తేల్చాడు. డైవర్లు ఎంత నెమ్మదిగా పైకి రావాలో చెప్పే తొలి శాస్త్రీయ పట్టికలు 1908లో వచ్చింది కూడా ఆయన పరిశోధన నుంచే. నీళ్లలోకి దిగే ప్రతి ఒక్కరూ ఆయనకు రెండు విధాలా రుణపడి ఉన్నారు. సిలిండర్ నిండా గాలి ఉన్నా సరే, రక్తంలో ఆక్సిజన్ సరిపడా ఉన్నా సరే, కార్బన్ డయాక్సైడ్ కాస్త పెరిగితే చాలు, గాలి చాలట్లేదని మెదడు గోల పెడుతుంది.

మరి అది ఎందుకు పెరుగుతుంది? భయపడ్డ మనిషి పైపైన, గబగబా ఊపిరి తీస్తాడు. ఒక్క ఊపిరిలో మనం లోపలికి లాగే గాలి సుమారు 500 మిల్లీలీటర్లు. అందులో 150 దాకా గొంతులోనూ శ్వాసనాళాల్లోనూ ఉండిపోయి, ఊపిరితిత్తుల్లో మార్పిడి జరిగే చోటుకు చేరకుండానే వెనక్కి వచ్చేస్తుంది. పనికొచ్చేది 350. నిమిషానికి 12 సార్లు తీస్తే 4 లీటర్లకు పైగా గాలి పని చేసినట్టు. అదే మనిషి కంగారులో నిమిషానికి 24 సార్లు, ఒక్కోసారి 250 మిల్లీలీటర్ల చొప్పున తీశాడనుకుందాం. లోపలికీ బయటికీ తిరిగిన గాలి మొత్తం రెండు సందర్భాల్లోనూ 6 లీటర్లే. కానీ ఇప్పుడు ఒక్కో ఊపిరిలో పనికొచ్చేది 100 మాత్రమే, మొత్తం కలిపితే 2.4 లీటర్లు. రొప్పడం రెట్టింపయింది, ఫలితం దాదాపు సగానికి పడిపోయింది. నోట్లో ఉన్న రెగ్యులేటర్ (సిలిండర్ నుంచి నోటికి గాలి అందించే పరికరం) లోపలి ఖాళీ కూడా దీనికి తోడవుతుంది. మనిషికి మాత్రం తాను చాలా ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంటుంది. అంత తీసుకుంటున్నా చాలట్లేదంటే పరికరం పాడైందనే అనిపిస్తుంది.

లోతు ఈ ఇబ్బందిని పెంచుతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర ఒడ్డున ఉన్నదానికి రెండింతలు, 20 మీటర్ల దగ్గర మూడింతలు. రెగ్యులేటర్ ఆ పీడనానికి తగ్గట్టే గాలిని అందిస్తుంది కాబట్టి ఛాతీ నలగదు. కానీ ఆ గాలి కూడా అంతే చిక్కగా ఉంటుంది. చిక్కటి గాలిని వేగంగా లాగాలన్నా, వదలాలన్నా కండరాలు ఎక్కువ కష్టపడాలి. ఆ కష్టం మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌ను పుట్టిస్తుంది. నెమ్మదిగా లాగితే తెలియని ఈ బరువు, గబగబా లాగినప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.

గాభరా ముడి ఇదే. భయం వల్ల ఊపిరి పొట్టిదవుతుంది, పొట్టి ఊపిరి వల్ల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, దానివల్ల ఊపిరాడనట్టుంటుంది, ఆ అనుభూతి భయాన్ని పెంచుతుంది. నేల మీద గాభరా పడి రొప్పినప్పుడు చాలాసార్లు కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిపోయి వేళ్లు తిమ్మిరెక్కడం, తల తేలిపోయినట్టుండటం జరుగుతాయి. నీళ్లలో అదీ జరగొచ్చు, ఇదీ జరగొచ్చు. రెండింటికీ మందు మాత్రం ఒకటే, ఊపిరిని నిదానం చేయడం.

సిలిండర్ లెక్క కూడా చూద్దాం. డైవింగ్‌లో బాగా వాడే అల్యూమినియం సిలిండర్ 11 లీటర్లది. 200 బార్ పీడనంతో, అంటే వాతావరణ పీడనానికి దాదాపు 200 రెట్లతో, నింపితే అందులో దాదాపు 2,200 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 20 లీటర్లు వాడే మనిషికి ఒడ్డున అది 110 నిమిషాలు వస్తుంది. 20 మీటర్ల లోతులో మూడింతలు ఖర్చవుతుంది కాబట్టి 37 నిమిషాలు. అదే లోతులో బెంబేలెత్తి మూడు రెట్లు వేగంగా ఊపిరి తీస్తే 12 నిమిషాలు. నిజంగా ఎవరూ సిలిండర్‌ను సున్నా దాకా వాడరు, పైకి రావడానికి కొంత మిగల్చాలి, కాబట్టి అసలు సమయం ఇంకా తక్కువ. కుదురుగా ఉండే మనిషికి గాలి మిగులుతుంది. ప్రెషర్ గేజ్‌లో ముల్లు నెమ్మదిగా కదలడం చూస్తే మనసు ఇంకా కుదుటపడుతుంది. గాభరాపడే మనిషికి ఈ రెండూ ఎదురు తిరుగుతాయి.

ఈ ముడి పూర్తిగా బిగుసుకుంటే మనిషి చేసే పనులు రెండు. నోట్లో ఉన్న రెగ్యులేటర్‌ను లాగిపారేయడం ఒకటి, ఊపిరి బిగబట్టి ఒక్క ఉదుటున పైకి లేవడం రెండోది. మొదటిది వినేవాళ్లకు నమ్మశక్యంగా ఉండదు. ఊపిరాడనప్పుడు నోటికి అడ్డంగా ఉన్నదాన్ని తీసేయమని ఒంటి సహజ స్వభావమే చెబుతుంది. ఆ అడ్డమే గాలి ఇస్తోందన్న సంగతి ఆ క్షణంలో గుర్తుండదు. సిలిండర్‌లో గాలి ఉండగానే డైవర్లు ప్రాణాలు పోగొట్టుకున్న ప్రమాదాలు ఉన్నాయి. రెండో దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది మన ఊళ్ల అలవాటుతో ముడిపడి ఉంది.

బావి ఈత నేర్పింది ఇక్కడ అడ్డమొస్తుంది

చిత్తూరు జిల్లా పల్లెల్లో పెరిగినవాళ్లు ఈత నేర్చుకున్నది బావుల్లోనే. నడుముకు బెండ్లు కట్టుకుని దిగి, కొన్నాళ్లకు అవి విప్పేసి, గట్టు మీద నుంచి దూకి, అడుగు నుంచి మట్టి తీసుకొచ్చి చూపిస్తేనే ఈత వచ్చినట్టు. ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారనే పోటీ ప్రతి బావి దగ్గరా ఉండేది. పుష్కరిణిలో మూడు మునకలు వేసేటప్పుడూ ముక్కు మూసుకుని ఊపిరి బిగబడతాం. నీళ్లలో తల పెట్టడం అంటే ఊపిరి ఆపడం అని చిన్నప్పుడే ఒంటికి అలవాటైపోయింది. బావిలో అది సరైన పద్ధతే. లోపలికి తీసుకెళ్లిన గాలి ఒడ్డున పీల్చుకున్నదే కాబట్టి, పైకొచ్చేసరికి అది మళ్లీ మొదటి పరిమాణానికే వస్తుంది.

స్కూబాలో పీల్చేది ఆ లోతుకు తగ్గట్టు ఒత్తిన గాలి. 10 మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల నిండా గాలి తీసుకుని, బిగబట్టి పైకి వస్తే, ఉపరితలానికి చేరేసరికి అది రెండింతలు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులు అంత సాగవు. చీలిన చోట నుంచి గాలిబుడగలు రక్తంలోకి వెళ్లి మెదడును దెబ్బతీయగలవు. దీనికి పెద్ద లోతు కూడా అక్కర్లేదు. నిండా గాలి బిగబట్టి ఉంటే మీటరు, మీటరున్నర పైకి లేచినా ప్రమాదమే. స్కూబాలో ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు అన్న నియమాన్ని అన్నిటికంటే ముందు చెప్పేది ఇందుకే.

కాబట్టి ఈత బాగా వచ్చినవాళ్లు తమకు భయం లేదు కదా అని ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ధైర్యంగా దిగి, చిన్న ఇబ్బంది రాగానే పాత అలవాటు ప్రకారం ఊపిరి ఆపి పైకి తన్నుకునే ప్రమాదం వాళ్లకూ ఉంది. ప్రాణాయామం చేసేవాళ్లకు కూడా ఇదే మాట. ఊపిరి లోపలికి తీసే పూరకం, బయటికి వదిలే రేచకం నీళ్లలో ఎంతగానో పనికొస్తాయి. ఊపిరి బిగబట్టే కుంభకాన్ని మాత్రం ఒడ్డునే వదిలి దిగాలి.

ఎక్కడ మొదలవుతుంది

గాభరా మొదలయ్యేది చాలాసార్లు లోతులో కాదు, నీటి పైనే. పడవ ఊగుతుంటుంది, అల మొహానికి కొడుతుంటుంది, వీపున బరువు, చుట్టూ అందరూ చూస్తుంటారు. ఆ ఊపిరితోనే కిందికి దిగితే, దిగడమే సగం ఆయాసంతో. పైన ఒక నిమిషం, డైవర్లు తేలడానికి తొడుక్కునే జాకెట్‌లో గాలి నింపుకుని తేలుతూ, ఊపిరి కుదిరాకే దిగాలి. ఆ నిమిషం ఇవ్వమని అడగడానికి మొహమాటపడకూడదు.

చిన్న చిన్న అసౌకర్యాలు ఒకదాని మీద ఒకటి చేరడం మరో కారణం. మెడ దగ్గర బిగుతుగా ఉన్న వెట్‌సూట్ (ఒంటికి అతుక్కుని ఉండే రబ్బరు దుస్తులు) గొంతు నొక్కినట్టుంటుంది, ఛాతీని సాగనివ్వదు. పడవ ఎక్కకముందే పెద్ద సైజు అడగాలి. చెవులది మరో బాధ. పీడనం మొదటి 10 మీటర్లలోనే రెట్టింపవుతుంది కాబట్టి చెవి నొప్పి లోతులో కంటే మొదట్లోనే తెలుస్తుంది. రెండు మూడు మీటర్ల దగ్గరే నొప్పి వచ్చేవాళ్లు చాలామంది. ముక్కు పట్టుకుని మెల్లగా ఊది చెవి తెరవాలి, తెరుచుకోకపోతే కొంచెం పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. నొప్పిని ఓర్చుకుని దిగడం వల్ల చెవి పాడవుతుంది, మనసూ చెదురుతుంది. జలుబు చేసి ఉంటే ఆ రోజు డైవింగ్ మానుకోవడమే మేలు.

చూపు, వినికిడి కూడా నీళ్లలో నేల మీద ఉన్నట్టు ఉండవు. మాస్క్ పక్కచూపును మూసేస్తుంది. కనిపించేవి మూడో వంతు పెద్దవిగా, ఉన్నదానికంటే దగ్గరగా అనిపిస్తాయి. ఎరుపు రంగు మొదటి కొన్ని మీటర్లలోనే మాయమవుతుంది. శబ్దం గాలిలో కంటే నాలుగింతలకు పైగా వేగంగా పోతుంది కాబట్టి ఎటునుంచి వస్తోందో చెవులు పోల్చుకోలేవు. పడవ ఇంజన్ చప్పుడు నెత్తిమీదే ఉన్నట్టుంటుంది. ఇవేవీ ప్రమాదాలు కావు. ముందే తెలియకపోతే మాత్రం మెదడు ఒక్కోదాన్నీ ప్రమాదంగానే లెక్క వేసుకుంటుంది.

అన్నిటికంటే ఎక్కువమందిని భయపెట్టేది మాస్క్‌లో చేరే నీళ్లు. ముక్కుకు నీళ్లు తగలగానే గొంతు మూసుకోవాలని చూస్తుంది. అది పుట్టుకతో వచ్చిన రక్షణ. నోటితో ఊపిరి తీసుకుంటుంటే ముక్కులో నీళ్లున్నా ఏమీ కాదని ఒంటికి నచ్చజెప్పాలంటే మాటలతో పని కాదు, అలవాటు చేయాలి. ఎలాగో కింద చెబుతాను.

ఆ నిమిషంలో చేయాల్సింది

డైవింగ్ శిక్షణలో ఒక వరుస నేర్పుతారు: ఆగు, ఊపిరి తీసుకో, ఆలోచించు, తర్వాత చెయ్యి. ఇందులో ఆగు అన్నదాని విలువ చాలామందికి అర్థం కాదు. భయపడ్డ మనిషి కాళ్లూ చేతులూ ఆడిస్తూనే ఉంటాడు. ఆ కదలికే కార్బన్ డయాక్సైడ్‌ను పెంచుతుంది. అందుకే మొదట కాళ్లు ఆపాలి. లంగరు తాడో, ఇన్‌స్ట్రక్టర్ చెయ్యో పట్టుకోవాలి. ఏదో ఒకటి చేతికి దొరికితే, పడిపోతున్నానన్న భావన తగ్గుతుంది.

తర్వాత ఊపిరి. ఇక్కడ ఇంకొంచెం స్పష్టంగా చెప్పాలి: ముందు చేయాల్సింది లోపలికి లాగడం కాదు, బయటికి వదలడం. ఊపిరాడనప్పుడు ఎవరైనా లోపలికే లాగాలని చూస్తారు. అప్పటికే సగం నిండిన ఊపిరితిత్తుల మీద ఇంకొంచెం లాగితే పైపై ఊపిరే అవుతుంది. రెగ్యులేటర్‌ను పళ్ల మధ్య అలాగే ఉంచి, బుడగలు మెల్లగా, పొడుగ్గా వచ్చేలా వదలాలి. లోపలికి నాలుగు అంకెలు, బయటికి ఆరు అంకెలు లెక్కపెట్టుకోవచ్చు. పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, వచ్చే ఊపిరి దానంతటదే లోతుగా వస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఊపిరి లోపలికి తీసేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని ఇప్పుడే చూసుకోవచ్చు, యువకుల్లో ఇది బాగా తెలుస్తుంది. గుండె దడను మనం ఆజ్ఞాపించి ఆపలేం, చెమటను ఆపలేం, ఆలోచనలను కూడా వెంటనే ఆపలేం. భయంలో ఒంట్లో జరిగేవాటిలో మన చేతిలో ఉండేది ఊపిరి, కండరాలు మాత్రమే. అందుకే ముడిని అక్కడ పట్టుకోవాలి.

పరికరం గురించి ఒక నిజం తెలిసి ఉండటం ఈ సమయంలో సాయం చేస్తుంది. ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ 1943లో తయారుచేసిన పరికరం నుంచి ఇప్పటి రెగ్యులేటర్ల దాకా పని చేసే సూత్రం ఒకటే, మనం లాగినప్పుడే, లాగినంతే గాలి వస్తుంది. ఇప్పటి రెగ్యులేటర్లు పాడైనా మామూలుగా గాలి ఆగిపోదు, ఆగకుండా బయటికి కారిపోయేలా వాటిని తయారు చేస్తారు. అంటే "గాలి రావట్లేదు" అనిపించినప్పుడు కారణం చాలావరకు మన ఊపిరి తీరే. అలాగని పరికరాన్ని గుడ్డిగా నమ్మమని కాదు. సిలిండర్ వాల్వ్ సరిగ్గా తెరవకపోవడం, గాలి అయిపోవడం నిజంగా జరిగేవే. దూకే ముందు గేజ్ చూస్తూ నాలుగైదుసార్లు ఊపిరి తీయాలి. ముల్లు ఊగితే వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదని అనుమానించాలి. నిజంగానే గాలి అందకపోతే పక్కవాళ్ల దగ్గర ఉండే రెండో రెగ్యులేటర్ అందుకోవడం ఎలాగో ఒడ్డునే నేర్చుకుని దిగాలి.

ఇక సైగలు. మనకు బొటనవేలు పైకెత్తడం అంటే సూపర్ అని. నీళ్లలో దాని అర్థం "పైకి పోదాం". బాగున్నానని చెప్పబోయి ఈ సైగ చేసేవాళ్లు ఉంటారు, ఇన్‌స్ట్రక్టర్ వాళ్లను పైకి తీసుకెళ్లడం మొదలుపెడతారు. బాగుంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి గుండ్రంగా చూపాలి. తల ఊపడం సరిపోదు, మనం తల ఊపే తీరులో అవునో కాదో బయటివాళ్లకు తెలియదు. ఇబ్బందిగా ఉంటే అరచేతిని చదునుగా పెట్టి అటూ ఇటూ ఊపి, ఎక్కడ ఇబ్బందో అక్కడ చూపించాలి. భయంగా ఉంటే చేతిని ఛాతీ వైపు చూపించినా చాలు. చెప్పుకున్న భయం సగం తగ్గుతుందని పెద్దలు అనేది నీళ్లలోనూ నిజమే, ఎందుకంటే ఎదుటి మనిషి వెంటనే దగ్గరికొచ్చి, కళ్లలోకి చూస్తూ తన చేత్తో ఊపిరి వేగాన్ని చూపిస్తారు.

పక్కన ఉన్నవాళ్లు గమనించాల్సినవి కూడా చెబుతాను. కుదురుగా ఉన్న మనిషి బుడగల మధ్య విరామం ఉంటుంది. విరామం లేకుండా బుడగలు వస్తుంటే, కళ్లు విప్పార్చుకుని ఉంటే, అడ్డంగా ఈదాల్సినవాళ్లు నిలువుగా లేచి చేతులతో నీటిని కొడుతుంటే, సైగకు జవాబివ్వకపోతే, గాభరా మొదలైనట్టే. కొందరు ఇందుకు పూర్తిగా వేరుగా రాయిలా బిగుసుకుపోతారు, అదీ గాభరానే. కొత్తవాళ్లు ఇలాంటి మనిషిని నేరుగా పట్టుకోబోతే ఆ మనిషి వీళ్ల మాస్క్, రెగ్యులేటర్ లాగేసుకోవచ్చు. ఇన్‌స్ట్రక్టర్‌ను పిలవాలి.

పైకి రావాలనుకుంటే రావచ్చు. దానికి సిగ్గుపడాల్సిన పని లేదు. కాకపోతే నిమిషానికి 9 మీటర్లకు మించకుండా, ఊపిరి వదులుతూ, తీసుకుంటూ రావాలి. సర్టిఫికెట్ ఉన్న డైవర్లు మామూలుగా 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి వస్తారు. ఉపరితలానికి చేరగానే జాకెట్‌లో గాలి నింపాలి, అవసరమైతే, మునగడానికి కట్టుకున్న బరువుల బెల్ట్ వదిలేయాలి. పైకొచ్చాక కూడా బరువులు వదలకుండా మునిగిపోయినవాళ్లు ఉన్నారు. బెల్ట్ ఖరీదు గురించి ఆలోచించాల్సిన సమయం కాదది.

తిరుపతిలోనే చేయగల అభ్యాసం

సముద్రం లేకపోయినా ఇందులో ముఖ్యమైన భాగాన్ని ఇక్కడే నేర్చుకోవచ్చు. ఒక స్నార్కెల్ గొట్టం కొనుక్కుని, మాస్క్ లేకుండా, వెడల్పాటి టబ్బులో మొహం ముంచి నోటితో ఊపిరి తీయడం అలవాటు చేసుకోవాలి. ముక్కులోకి నీళ్లు తగులుతాయి, మొదట గొంతు బిగుసుకుంటుంది. తల ఎత్తి మళ్లీ మొదలుపెట్టాలి. కొన్ని రోజుల్లో ముక్కుకూ నోటికీ మధ్య ఉన్న ఆ తెర మన మాట వింటుంది. పక్కన ఒకరు ఉండగానే చేయండి. ఆ తర్వాత ఊళ్లోని ఈతకొలనులో నిలబడగలిగే లోతులో ఇదే చేయొచ్చు. మొహానికి చల్లటి నీళ్లు తగిలితే గుండె వేగం తగ్గడం మన ఒంట్లో పుట్టుకతోనే ఉంది. గాభరా పడకుండా మొహం ముంచగలిగినవాళ్లకు ఆ సాయం కూడా అందుతుంది.

అలిపిరి నుంచి నడిచి కొండెక్కేవాళ్లకు ఇంకో మంచి అవకాశం ఉంది. గాలిగోపురం దాకా మెట్లు నిటారుగా ఉంటాయి, ఆయాసం ఖాయంగా వస్తుంది. ఆ ఆయాసంలోనే రెండు మెట్లకు ఊపిరి తీసి, మూడు నాలుగు మెట్లకు వదలడం సాధన చేయాలి. అందకపోతే నడక తగ్గించాలి గానీ ఊపిరి తీరు మార్చకూడదు. కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు ఎలా ఉంటుందో, పొడుగ్గా వదిలితే ఎలా తగ్గుతుందో అక్కడ ఏ ప్రమాదం లేకుండా తెలుస్తుంది. సముద్రంలో అదే అనుభూతి వచ్చినప్పుడు "ఇది నాకు తెలుసు" అనుకోగలగడం చాలా పెద్ద బలం.

ఈత విషయం. "అన్నా, ఈత రాకపోయినా దించుతారంట కదా?" అని చాలామంది అడుగుతారు. నిజమే. సర్టిఫికెట్ లేకుండా, ఇన్‌స్ట్రక్టర్ వెంట ఉండగా 12 మీటర్ల దాకా దించే పరిచయ డైవ్‌లకు ఈత తప్పనిసరి కాదు. సర్టిఫికెట్ ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సుకు మాత్రం 200 మీటర్లు ఈదడం, 10 నిమిషాలు తేలడం వచ్చి ఉండాలి, ఆ సర్టిఫికెట్‌తో 18 మీటర్ల దాకా వెళ్లొచ్చు. నా అభిప్రాయం అడిగితే, ఒక్కసారికి వెళ్లేవాళ్లు కూడా వెల్లకిలా తేలడం నేర్చుకుని వెళ్లాలి. నీళ్లు తమను మోస్తాయని ఒంటికి తెలిసిన మనిషి భయం వేరు, తెలియని మనిషి భయం వేరు.

అన్నీ భయమే అనుకోవద్దు

ఇంతసేపూ ఊపిరాడకపోవడానికి గాభరా కారణమని చెప్పాను. కానీ ప్రతి ఆయాసాన్నీ టెన్షన్ అని తోసేయడం ప్రాణాంతకం. నీళ్లలో ఉండగా ఊపిరితిత్తుల్లోకి ద్రవం చేరే జబ్బు ఒకటి ఉంది. ముఖ్యంగా నడివయసు దాటినవాళ్లలో, బీపీ ఉన్నవాళ్లలో వస్తుంది. దగ్గు, గురగుర శబ్దం, కొన్నిసార్లు రక్తం కలిసిన నురుగు కనిపిస్తాయి. ఊపిరి నిదానం చేసినా ఆయాసం తగ్గదు. అప్పుడు డైవ్ ఆపి, నీళ్లలోంచి బయటికి వచ్చి, ఆక్సిజన్ పెట్టించుకుని ఆస్పత్రికి వెళ్లాలి. ఛాతీ నొప్పి వచ్చినా అంతే.

డైవింగ్‌కు ముందు ఇచ్చే వైద్య ఫారంలో ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛలతో పాటు పానిక్ అటాక్‌ల గురించి, మానసిక చికిత్స గురించి కూడా ప్రశ్నలుంటాయి. అన్నింటికీ గబగబా "లేదు" అని టిక్ పెట్టేసి సంతకం చేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. తిరుపతిలో పెద్దాస్పత్రులకు కొదవలేదు. ప్రయాణానికి ముందే ఆ ఫారం తెప్పించుకుని డాక్టర్‌కు చూపించడం ఒక పూట పని. స్వభావరీత్యా ఆందోళన ఎక్కువ ఉన్నవాళ్లు శిక్షణలో పానిక్ అయ్యే అవకాశం ఎక్కువని మోర్గన్ బృందం తర్వాతి అధ్యయనంలో చూపింది. అలాంటివాళ్లు డైవింగ్ చేయకూడదని కాదు, వాళ్లకు ఎక్కువ సమయం, ఓపికున్న ఇన్‌స్ట్రక్టర్ కావాలి. టెన్షన్ తగ్గడానికి నిద్రమాత్ర లాంటిది వేసుకునో, రెండు పెగ్గులు తాగో దిగడం మాత్రం వద్దే వద్దు. మత్తు ఆలోచనను మందగిస్తుంది, లోతు పెరిగేకొద్దీ పీల్చే గాలిలోని నైట్రోజన్ కూడా అదే పని చేస్తుంది.

డబ్బు కట్టాక

గాభరాకు ఒక కారణం నీళ్లలో కాకుండా ఒడ్డున ఉంటుంది. ప్యాకేజీలో డబ్బు ముందే కట్టి ఉంటారు, వెనక్కి రాదు. కొత్త పెళ్లికూతురు వద్దంటే పెళ్లికొడుకు స్నేహితులు నవ్వుతారని, పెళ్లికొడుకు వద్దంటే భార్య ముందు చిన్నతనమని. ఫొటోలు, వీడియో కూడా ఆ ధరలోనే ఉంటాయి కాబట్టి చెవి తెరుచుకుందో లేదో చూసుకునేలోపే చేతులు చాపి పోజు ఇవ్వమంటారు. నాకు ఇది ఏమాత్రం నచ్చదు. ఏ డైవర్ అయినా, ఏ కారణంతోనైనా, ఏ క్షణంలోనైనా డైవ్ ఆపేయొచ్చు, ఎవరూ ఎందుకని నిలదీయకూడదు అన్నది డైవింగ్ లోకం గౌరవించే నియమం. వెనక్కి తిరిగే దారి ఉందని నమ్మే మనిషికి ముందుకు వెళ్లడం తేలికవుతుంది. ఆ దారి మూసుకుపోయిందనిపించినప్పుడే మనసు ఉక్కిరిబిక్కిరవుతుంది. కాబట్టి భార్యాభర్తలు, స్నేహితులు పడవ ఎక్కకముందే ఒక మాట అనుకోవాలి, ఎవరు సైగ చేసినా అందరం సంతోషంగా పైకొస్తాం అని.

తిరుగు ప్రయాణం కూడా ముందే చూసుకోవాలి. లోతులో పీల్చిన నైట్రోజన్ ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి సమయం పడుతుంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. తిరుపతివాళ్లకు ఇందులో ఇంకో మెలిక ఉంది. తిరుమల సముద్రమట్టానికి రెండున్నర వేల అడుగుల పైన ఉంటుంది, వెయ్యి అడుగులు దాటిన ఎత్తునే డైవింగ్ లెక్కల్లో జాగ్రత్త పడాల్సిన ఎత్తుగా చూస్తారు. పొద్దున పుదుచ్చేరిలో డైవ్ చేసి, సాయంత్రం దర్శనం టికెట్ ఉందని కారులో ఘాట్ రోడ్డు ఎక్కేయకూడదు. మర్నాటికి టికెట్ తీసుకోండి.

బుక్ చేసేముందు ఫోన్‌లో కొన్ని సంగతులు అడగండి. ఒక్క ఇన్‌స్ట్రక్టర్ ఎంతమందిని దించుతారు, పరిచయ డైవ్‌కు మనిషికొకరు ఉంటారా, లోతుకు ముందు నడుములోతు నీళ్లలో మాస్క్, రెగ్యులేటర్ సాధన ఎంతసేపు చేయిస్తారు, పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉంటుందా, తెలుగు గానీ తమిళం గానీ వచ్చిన మనిషి దొరుకుతారా, మధ్యలో వద్దనుకుంటే ఏం చేస్తారు. చివరి ప్రశ్నకు "ఏం ఫర్వాలేదు, పైకి తీసుకొచ్చేస్తాం, కావాలంటే కాసేపాగి మళ్లీ చూద్దాం" అని మామూలుగా చెప్పే చోటు వెతుక్కోండి. నవ్వేసి, "అలాంటిదేం జరగదు సార్, అందరూ చేసేస్తారు" అంటే ఇంకో చోటికి ఫోన్ చేయండి.